అడ్వైజర్లకి చెరో 2 శాతం ఇవ్వాలా? పరలాకిమిడి తమ్ముడి ప్రశ్నకి నా జవాబు

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో. పరలాకిమిడిలో ముగ్గురు కుర్రాళ్లు కలిసి, జీడిపప్పుని కెమెరాతో చూసి గ్రేడు విడదీసే మెషీన్ తయారుచేశారు. పలాసలో రెండు ఫ్యాక్టరీల్లో ట్రయల్ నడుస్తోంది. ఈలోగా ఇద్దరు పెద్దమనుషులు "మీకు అడ్వైజర్లుగా ఉంటాం" అన్నారు. ఒకాయన పెద్ద ఐటీ కంపెనీలో 26 ఏళ్లు పనిచేసి వైస్ ప్రెసిడెంటుగా దిగారు. రెండో ఆయన కార్డు మీద "వెంచర్ పార్టనర్" అని ఉంది. చెరో 2 శాతం వాటా కావాలట, వెబ్‌సైటులో ఫొటో కూడా పెట్టాలట. "వాళ్ల ప్రొఫైళ్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి సార్, కాదంటే ఇలాంటివాళ్లు మళ్లీ దొరకరేమో" అని తమ్ముడి భయం.

ఇవ్వకండి. ఈ లెక్కన, ఇప్పుడు, ముందే రాసి అసలు ఇవ్వకండి. మొదటి ఆయనతో ఆర్నెల్లు ఊరికే మాట్లాడి చూడండి. రెండో ఆయన్ని సలహా కాదు, చెక్కు అడగండి. మీకు నిజంగా కావలసిన మూడో మనిషి ఈ ఇద్దరిలో లేడు, పలాసలోనే ఎక్కడో ఉన్నాడు. లేదా ఉంది.

నా సంగతి చెప్పకపోతే ఈ మాటలకి విలువ ఉండదు. మాది బరంపురం. బెంగళూరులో 14 ఏళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లో చేశాను. నాన్నగారికి ఒంట్లో బాగోక వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు ఇచ్ఛాపురం నుంచి రాయగడ దాకా చిన్న కంపెనీలకి లెక్కలు, ఒప్పందాలు, పెట్టుబడి కాగితాలు చూసిపెడుతుంటాను. అడ్వైజర్ల ప్రొఫైలు పట్టుకుని "చూడండి సార్ ఎంత పెద్దాయనో" అని వచ్చిన కుర్రాళ్లని చాలామందిని చూశాను. అంతకుముందు నేనూ అలాంటి కుర్రాణ్ణే.

2014లో ఇక్కడే బరంపురంలో స్కూళ్ల ఫీజుల సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి పెట్టాం. హైదరాబాదులో ఒక పెద్ద పోస్టులో రిటైరైన ఆయన దొరికారు. మంచివారే, నేనిప్పటికీ చెడ్డవారనను. మొదటి భేటీలోనే పొంగిపోయి, ఒక పేజీ కాగితం రాసుకుని, నా వాటాలోంచే 3 శాతం ఆయన పేరున బదిలీ చేసేశాను. షేర్ల బదిలీకి వాడే ఎస్‌హెచ్-4 ఫారం మీద సంతకం పెట్టిన రోజు స్వీట్లు కూడా పంచాను. తరవాత 14 నెలల్లో ఆయనతో మాట్లాడింది నాలుగుసార్లు. ఆపైన ఒక ఇన్వెస్టరు 60 లక్షలు పెడతానని వచ్చాడు. షేర్‌హోల్డర్ల ఒప్పందం మీద వాటాదారులందరూ సంతకం చెయ్యాలి. మా పెద్దాయన అమెరికాలో కూతురి దగ్గరున్నారు. కాగితాలు వెళ్లి రావడానికి, మధ్యలో ఆయనకి వచ్చిన అనుమానాలు తీర్చడానికి 7 వారాలు పట్టింది. అప్పటికి ఇన్వెస్టరు వేడి చల్లారి 60 కాస్తా 40 అయింది. ఆ 20 లక్షలు ఎవరి ఖాతాలో రాసుకోవాలో ఇప్పటికీ తెలీదు.

సంస్థ పేరు కాదు, సంవత్సరం చూడండి

కెరీర్ కాగితం చేతికొస్తే మన కళ్లు మొదట కంపెనీ పేరు మీద పడతాయి. నేను పెన్సిలు తీసుకుని ప్రతి ఉద్యోగం పక్కనా రెండు అంకెలు రాస్తాను: ఈయన చేరినప్పుడు ఆ కంపెనీలో ఎంతమంది, వెళ్లిపోయేటప్పుడు ఎంతమంది. ఇన్ఫోసిస్ 1981లో ఏడుగురితో, 10 వేల రూపాయలతో మొదలైంది. 2015 నాటికి లక్షన్నర పైన ఉద్యోగులు. 1985లో అక్కడ ఉన్న మనిషికి రేపటి జీతాలెలా అన్న బెంగ తెలుసు. 2015లో ఉన్న మనిషికి వెయ్యిమంది పనిని ఒక షీటు మీద చూడటం తెలుసు. రెండూ గొప్ప విద్యలే. మీ ముగ్గురికి ఇప్పుడు కావలసింది మొదటిది.

మీ వైస్ ప్రెసిడెంటు గారి ప్రొఫైల్లో "0 నుంచి 400 కోట్ల వ్యాపారం నిర్మించారు" అని ఉందన్నారు కదా. అది అబద్ధం అక్కర్లేదు. పెద్ద కంపెనీలో అలాంటి పని జరిగినప్పుడు పేరు, బ్రాండు, పాత కస్టమర్లు, లీగల్ టీము, ఏడాది ముందే కేటాయించిన బడ్జెట్ అన్నీ ఆయనకి ముందే ఉన్నాయి. అవి తీసేస్తే మిగిలేది ఎంత అన్నదే మీకు కావాలి. సూటిగా అడగండి: "సార్, ఆ 400 కోట్లలో మొదటి ఆర్డరు ఎవరు తెచ్చారు? ఆ రోజు గదిలో మీరున్నారా? వాళ్లు ముందు కాదన్నారా?" నిజంగా చేసినవాడికి ఈ ప్రశ్న నచ్చుతుంది, అరగంట ఆపకుండా చెబుతాడు. ప్రొఫైల్లో "నేను", నోటిమాటలో "మా టీము" అయితే సంగతి అర్థమైపోతుంది.

ఇది చిన్న ఊళ్ల కంపెనీలకే వచ్చే చిక్కు అనుకోకండి. ఆపిల్ షోరూములకి రూపం ఇచ్చిన రాన్ జాన్సన్, 2011 నవంబరులో జేసీ పెన్నీ అనే పాత అమెరికన్ దుకాణాల కంపెనీకి సీఈఓగా వెళ్లాడు. కూపన్లు, డిస్కౌంట్లు తీసేసి ఒకటే ధర పెట్టాడు. ఆ దుకాణాలకి వచ్చేవాళ్లు కూపన్ల కోసమే వచ్చేవాళ్లు. 2012లో అమ్మకాలు నాలుగో వంతు పడిపోయాయి, 2013 ఏప్రిల్‌లో ఆయన్ని దింపేశారు. మనిషి తెలివికి లోటు లేదు, ఒక గిరాకీ దగ్గర నేర్చిన పాఠం ఇంకో గిరాకీకి అతకలేదు. పలాస ఫ్యాక్టరీ యజమాని, అమెరికా బ్యాంకు కొనుగోలు మేనేజరు, ఇద్దరూ "కస్టమరే" గానీ ఒకరి దగ్గర నేర్చింది ఇంకొకరి దగ్గర పనికిరాదు.

ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే పెద్ద కంపెనీల వాళ్లంటే నాకు గిట్టదనుకుంటారు. 1977లో ఆపిల్‌కి దొరికిన మైక్ మార్కులా ఇంటెల్‌లో మార్కెటింగ్ మేనేజరు, అప్పటికే ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాడు. వచ్చి సలహా చెప్పి పోలేదు. అప్పు, పెట్టుబడి కలిపి 2 లక్షల 50 వేల డాలర్లు పెట్టాడు, వ్యాపార ప్రణాళిక రాయించాడు, తనే కంపెనీలో కూర్చుని పనిచేశాడు. మూడో వంతు వాటా తీసుకున్నాడు. అది కూడా తక్కువేనంటాను.

బిల్ క్యాంప్‌బెల్ సంగతి ఇంకా తమాషా. కొలంబియా యూనివర్సిటీలో ఫుట్‌బాల్ కోచ్. తరవాత ప్రకటనల ఏజెన్సీ, కోడాక్, 1983లో ఆపిల్, ఆపైన గో అనే కంపెనీ నడిపితే అది మునిగింది, ఆ తరవాత లెక్కల సాఫ్ట్‌వేర్ చేసే ఇన్‌ట్యూట్ సీఈఓ. కోడింగ్ రాదు. ఆపిల్, గూగుల్ పెద్దలంతా ఏళ్ల తరబడి ఆయన సలహా విన్నారు. నాకు ఆ జాబితాలో అన్నిటికన్నా పనికొచ్చేది ఆ మునిగిన కంపెనీ. ప్రొఫైల్లో ఒక్క దెబ్బ కూడా కనపడకపోతే నేను అడుగుతాను, "ఎక్కడ దెబ్బతిన్నారు సార్?" అని. డబ్బు అయిపోతున్న కంపెనీలో ఆర్నెల్లు గడిపినవాడు ఇచ్చే సలహా వేరుగా ఉంటుంది.

రాయగడ గుమాస్తా

రాయగడ వైపు నా దగ్గరికి వచ్చిన ఒక కంపెనీ, పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులకి కాటా సాఫ్ట్‌వేర్ చేసేది. వాళ్లకి ఇద్దరు సలహాదారులు. మొదటాయన ఐటీలో 24 ఏళ్లు చేసిన పెద్దమనిషి. రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ మజ్జిగౌరమ్మ దర్శనం కూడా అయింది. 40 స్లైడ్ల ప్రణాళిక ఇచ్చి, "సేల్స్ హెడ్‌ని పెట్టుకోండి" అన్నారు. పెట్టుకున్నారు. ఎనిమిది నెలల్లో 11 లక్షలు ఖర్చు, కొత్త మిల్లులు రెండు.

రెండో ఆయన ఒక మిల్లులో ముప్ఫై ఏళ్లు కాటా దగ్గర కూర్చున్న గుమాస్తా. ప్రొఫైలూ లేదు, ఫోన్ కూడా బటన్ల ఫోనే. కుర్రాళ్లు తమ కొత్త ప్రింటరు చూపించారు, చిన్నది, చప్పుడు లేనిది, థర్మల్ కాగితం మీద టక్కున చీటీ కొట్టేది. ఆయన ఆ చీటీ తీసుకుని గోటితో గీశాడు. గీసిన చోట నల్లగీత పడింది. "వేడికి అచ్చవుతాదన్నమాట ఇది. రైతు దీన్ని రేకుల ఇంట్లో చూరుకి గుచ్చుతాడు. డబ్బులు ఆలస్యమై మూడు నెలలకి తీసి చూస్తే తెల్లకాగితమే ఉంటాది. అప్పుడు తగువు ఎవరి మీదకొస్తాది?" అన్నాడు. తరవాత ఇంకోటి అడిగాడు: "తరుగు ఏదీ?" తేమకి తీసేసే తరుగు వీళ్లు లోపల లెక్కేసి నికరం ఒక్కటే అచ్చు వేస్తున్నారు. మొత్తం బరువు, బండి బరువు, తరుగు, నికరం నాలుగూ విడివిడిగా కనపడకపోతే ఏ రైతూ చీటీ నమ్మడు, ఏ కమీషన్ ఏజెంటూ ఒప్పుకోడు. వెనక్కి పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరు పెట్టారు, కార్బన్ ఉన్న మూడు పొరల కాగితం, రైతుకొకటి, ఏజెంటుకొకటి, మిల్లుకొకటి. ఆ సీజన్లో తొమ్మిది మిల్లులు తీసుకున్నాయి.

ఆ గుమాస్తాకి వాళ్లిచ్చింది నెలకి 6 వేలు, అరశాతానికి సమానమైన బోనస్ ఒప్పందం.

మీ విషయంలో ఆ మనిషి ఎవరు? డబ్ల్యూ 320 గ్రేడు అంటే పౌనుకి 300 నుంచి 320 పప్పులని మీ కెమెరాకి మీరు నేర్పగలరు. కానీ సీజన్లో లోకల్ జీడిపిక్క (పప్పు తీయని గింజ) అయిపోయి ఆఫ్రికా పిక్క దిగితే పప్పు సైజూ రంగూ మారతాయి. కాస్త మాడిన పప్పుని ఏ ఫ్యాక్టరీ ఏ రకంలో కలుపుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇరవై ఏళ్లుగా పళ్లెం ముందు కూర్చుని చేత్తో ఏరుతున్న గ్రేడింగ్ మేస్త్రి అమ్మ ఒకావిడని అడ్వైజరుగా పెట్టుకోండి. నవ్వకండి, నేను నిజంగానే అంటున్నాను. వారానికి ఒక పూట, కూలి కాదు, ఫీజు ఇచ్చి.

వెంచర్ పార్టనర్ అంటే ఎవరు

ఇన్వెస్టర్ల కెరీర్లు మూడు నాలుగు దారుల్లో వస్తాయి. కంపెనీ పెట్టి, తరవాత ఇన్వెస్టరైనవాళ్లు ఒక రకం: 1982లో సన్ మైక్రోసిస్టమ్స్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన వినోద్ ఖోస్లా 1986లో క్లైనర్ పెర్కిన్స్ అనే పెట్టుబడి సంస్థకి వెళ్లాడు. కంపెనీల్లో సరుకు అమ్మి వచ్చినవాళ్లు ఇంకో రకం: జాన్ డోర్ 1970లలో ఇంటెల్‌లో చేసి వచ్చినవాడే. బ్యాంకుల నుంచీ కన్సల్టింగ్ నుంచీ వచ్చినవాళ్లు చాలామంది. పత్రికల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, సెకోయా అనే పెట్టుబడి సంస్థలో పేరు తెచ్చుకున్న మైకేల్ మోరిట్జ్ ముందు టైమ్ పత్రిక విలేఖరి. ఏ దారి గొప్పదని నేను తేల్చను. కంపెనీ పెట్టినవాడు మీ రాత్రుళ్లు అర్థం చేసుకుంటాడు. బ్యాంకు నుంచి వచ్చినవాడు మీ లెక్కల్లో బొక్క మొదటి పది నిమిషాల్లో పట్టుకుంటాడు. మీకు లోటున్న వైపు మనిషిని తెచ్చుకోవాలి.

అయితే "పార్టనర్" అన్న మాటకీ "వెంచర్ పార్టనర్" అన్న మాటకీ చాలా దూరం. మామూలుగా వెంచర్ పార్టనరుకి ఫండులో, అంటే కంపెనీల్లో పెట్టుబడి పెట్టే నిధిలో, పూర్తి జీతం ఉండదు, పెట్టుబడి కమిటీలో ఓటూ ఉండదు. మంచి కంపెనీలని తెచ్చి చూపిస్తే, పెట్టుబడి జరిగితే, లాభంలో కొంత వస్తుంది. తప్పేం లేదు. కానీ ఒకే మనిషి మీ దగ్గర సలహాకి 2 శాతం, ఫండు దగ్గర మిమ్మల్ని తెచ్చినందుకు వాటా, రెండూ తీసుకుంటే ఆయన ఎవరి తరఫున మాట్లాడుతున్నట్టు? ఇది ఆయన్నే అడగండి, మొహమాటపడకండి.

ఫండు ఉందో లేదో చూడటం ఐదు నిమిషాల పని. మనదేశంలో ఇలాంటి ఫండ్లు పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర 2012 నాటి ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ నిబంధనల కింద నమోదవుతాయి. ఆ జాబితా సెబీ వెబ్‌సైటులో అందరూ చూడొచ్చు. కార్డు మీది పేరు, నమోదైన పేరు ఒకటే కాకపోవచ్చు, ట్రస్టు పేరు వేరుగా ఉంటుంది. నమోదు నంబరే అడగండి. నంబరు చెప్పడానికి "అది కాన్ఫిడెన్షియల్" అనేవాళ్లు ఉంటారు. అందరూ చూడగలిగే జాబితాలో రహస్యమేటి?

అలాగే కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటు. ఇద్దరూ ఎక్కడెక్కడ డైరెక్టర్లో, ఆ కంపెనీల పరిస్థితేమిటో తెలుస్తుంది. అక్కడే ఒక్కో కంపెనీకి 100 రూపాయలు కడితే దాని దాఖలు పత్రాలు చూడొచ్చు. ఎక్కడైనా "అనర్హత" కనిపిస్తే వెంటనే దొంగ అనుకోకండి. వరుసగా మూడేళ్లు వార్షిక పత్రాలు దాఖలు చెయ్యని కంపెనీలో డైరెక్టరుగా ఉంటే కంపెనీల చట్టం 164వ సెక్షను కింద ఐదేళ్లు అనర్హత వస్తుంది, 2017లో ఒక్కసారే 3 లక్షల పైచిలుకు మందికి అలా వచ్చింది. మూలనపడిన కంపెనీ ఒకటి ఉందని మర్చిపోయినవాళ్లు అందులో బోలెడు. కారణం అడగండి, చెప్పే తీరు చూడండి.

ఫొటో పెడితే ఏమవుతుంది

వెబ్‌సైటులో పెద్దవాళ్ల ఫొటోలుంటే ఇన్వెస్టరు నమ్ముతాడన్న ఆశ కూడా మీకు ఉండొచ్చు. థెరానోస్ గుర్తుందా? వేలిచివర రక్తపు బొట్టుతో పరీక్షలన్నీ చేస్తామన్న కంపెనీ. దాని బోర్డులో హెన్రీ కిసింజర్, జార్జ్ షుల్ట్జ్, జేమ్స్ మాటిస్ లాంటివాళ్లు కూర్చున్నారు. విదేశాంగ మంత్రులు, సైన్యాధిపతులు. రక్తపరీక్షల ల్యాబు నడిపిన అనుభవం ఉన్నవాళ్ల కోసం ఆ వరసలో వెతుక్కోవాలి. 2015లో గుట్టు బయటపడింది, 2018లో మూతపడింది. అప్పటి నుంచి జాగ్రత్తగల ఇన్వెస్టర్లు అడ్వైజర్ల పేజీ చూసి మొదట వేసే ప్రశ్న ఒకటే: "వీళ్లతో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఏం చెప్పారు?" మీరు తడబడితే ఆ ఫొటో మీకే ఎదురు తిరుగుతుంది.

కాగితం సంగతి

ఇక్కడ చాలామంది పొరబడతారు. కంపెనీల చట్టం 2013లో 62(1)(బి) కింద ఈసాప్ (ముందే అనుకున్న ధరకి తరవాత షేర్లు కొనుక్కునే హక్కు) ఇచ్చేది ఉద్యోగులకీ డైరెక్టర్లకీ. 54వ సెక్షను కింద స్వెట్ ఈక్విటీ, అంటే చేసిన పనికి బదులుగా ఇచ్చే షేర్లు కూడా అంతే. బయటి అడ్వైజరుకి ఆ రెండు దారులూ లేవు. అమెరికా నమూనా ఒప్పందం డౌన్‌లోడ్ చేసి పేర్లు మార్చి సంతకాలు పెట్టేస్తే అది మన దగ్గర నిలబడదు. ఉన్న దారులు: రిజిస్టర్డ్ వాల్యుయర్ (విలువ కట్టే గుర్తింపు పొందిన నిపుణుడు) రిపోర్టుతో ప్రైవేట్ ప్లేస్‌మెంట్, అంటే ఎంచుకున్న మనిషికే కొత్త షేర్లు ఇవ్వడం, వ్యవస్థాపకుల వాటాలోంచి బదిలీ (నేను చేసిన పొరపాటు పని), లేదా షేరు ఇవ్వకుండా, కంపెనీ విలువ పెరిగితే అంత డబ్బు ఇస్తామనే ఒప్పందం, దాన్ని ఫాంటమ్ స్టాక్ అంటారు. చిన్న కంపెనీలకి నేను ఎక్కువగా మూడోదే చెబుతాను, వాటాదారుల జాబితా శుభ్రంగా ఉంటుంది. మూడింటికీ పన్ను లెక్క వేరు, అది మీ ఆడిటరుతో కూర్చుని తేల్చుకోండి. మీ కంపెనీ ఒడిశాలో నమోదైంది కాబట్టి దాఖలు చేసేది కటక్ రిజిస్ట్రారు దగ్గర, విజయవాడ మనిషిని పట్టుకుని తిరగకండి.

ఎంత ఇవ్వాలి? అమెరికాలో ఫౌండర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అడ్వైజర్ల కోసం తయారుచేసిన ఫాస్ట్ అనే ఒప్పందం నమూనాలో ఎక్కువ సమయం ఇచ్చే నిపుణుడికి, కంపెనీ ఇంకా ఆలోచన దశలో ఉంటే, గరిష్ఠంగా 1 శాతం. మామూలు అడ్వైజరుకి పావుశాతం. అదీ ఒక్కసారి కాదు, రెండేళ్లలో నెలనెలా జమ, మొదటి మూడు నెలల్లో విడిపోతే సున్నా. మీ వాళ్లిద్దరూ అడిగేది కలిపి 4. మీ మెషీన్ ఇప్పటికే ఫ్యాక్టరీలో తిరుగుతోంది. పావు నుంచి అర దాటకండి. నెలకి ఎన్ని గంటలు, ఎవరెవరికి పరిచయం చేస్తారు, ఎప్పుడు ముగించుకోవచ్చు, ఇవి రాసుకోండి. వైస్ ప్రెసిడెంటు గారు ఇప్పుడు ఇంకెక్కడైనా ఉద్యోగంలో ఉంటే వాళ్ల అనుమతి లేఖ కూడా తీసుకోండి. లేకపోతే రేపు మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ కంపెనీకీ హక్కుందనే మాట రావచ్చు.

ఒకటి మాత్రం ఆయన పక్షాన చెబుతాను. అడ్వైజరుకి డైరెక్టరులాగా కంపెనీల చట్టం 166వ సెక్షను పెట్టే బాధ్యతలు లేవు కాబట్టి మొహమాటం లేకుండా నిజం చెప్పగలడు. పెద్ద ఎగుమతి కంపెనీకి మెషీన్లు అమ్మే రోజు మీకొస్తే, వాళ్ల కొనుగోలు విభాగం ఎలా ఆలోచిస్తుందో మీ ముగ్గురికన్నా ఆయనకే బాగా తెలుసు. ఆ రోజు వచ్చేదాకా స్నేహం నిలుపుకోండి.

మార్చిలో కొత్త పిక్క దిగుతుంది కదా. ఇద్దరినీ ఒక రోజు పలాస రమ్మనండి, సొంత ఖర్చులతో. ఫ్యాక్టరీలో మెషీన్ పక్కన పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చోమనండి, ఆ వేడిలో, ఆ జీడి వాసనలో. ఎవరు వచ్చారో, వచ్చి ఎవరితో మాట్లాడారో, ఏమడిగారో ఇక్కడే రాయండి. ఫాంటమ్ ఒప్పందం ముసాయిదా నా దగ్గర ఉంది, దాన్ని మీ కంపెనీకి తగ్గట్టు దిద్ది ఇస్తాను.